ఏ పేరు రాశారండీ?

నాకు నోటి దురుసు ఎక్కువ, చేతి దురుసు అంతకంటే ఎక్కువ. నోటివల్ల నేను పోగొట్టుకున్నవి చెబితే నలుగురూ నవ్వుకుంటారు, నేనూ నవ్వుతాను. చేతివల్ల ఒకమ్మాయి పీకల మీదికి తెచ్చిన సంగతి మాత్రం ఇప్పటికీ నవ్వుతూ చెప్పలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గుంటూరు నుంచి పెదకాకాని వైపు పోయే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్‌గా చేసేదాన్ని. పేరుకే ప్రోగ్రామర్ని. మౌసుల్లో బంతులు తీసి దుమ్ము తుడవడం, పిల్లలు దొంగతనంగా ఎక్కించిన ఆటలు పీకెయ్యడం, కరెంటు పోతే జనరేటరు దగ్గరి మనిషిని కేకెయ్యడం, ఇవీ నా పనులు. కానీ కాలేజీకి అప్పుడే నెట్ లైను వచ్చింది. నాలుగున్నరకి పిల్లల బస్సులు వెళ్ళిపోయాక, మా స్టాఫ్ బస్సు కదిలేదాకా ఒక గంటసేపు ఆ లైను మొత్తం నాదే.

ఆ గంటలో నాకొక పిచ్చి పట్టుకుంది. ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది, ఉత్తరాలూ పుస్తకాలూ రాసుకునేది. అందులో తెలుగు రాస్తే, తప్పు మాటల కింద ఎర్రగీత వచ్చేది. సంతోషమే. కానీ 'కల్లం' అని కొడితే ఎర్రగీత. రంగు పోయిన మిరపకాయల్ని 'తాలుకాయలు' అంటాం, అదీ ఎర్రగీతే. 'మిరప' అంటే ఒప్పుకునేది, 'మిరపకోత' అంటే ఒప్పుకునేది కాదు. మిరపకాయలు పండించే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న బతుకంతా తప్పేనా అని అర్థం వచ్చేలా ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంగ్లీషులో ఒక ఘాటైన ఉత్తరం పంపాను. ఆ పదాల జాబితాల బాధ్యత చూసే పెద్దాయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. "మీరు చెప్పింది నిజమే, మా జాబితా తప్పు. ఇదిగో తాళం, మీరే సరిచెయ్యండి" అని జవాబిచ్చాడు. తిట్టిన మనిషికి తాళంచెవి ఇవ్వడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

తాళం అంటే ఏమిటో చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళన్నీ ఒకచోట ఉంటాయి. అనుమతి ఉన్నవాళ్ళు తప్ప వేరేవాళ్ళు వాటిని మార్చలేరు. మార్చిన ప్రతిసారీ, ఏం మార్చాం, ఎందుకు మార్చాం అని రెండు మూడు వాక్యాలు రాసి పంపాలి. అలా పంపడాన్ని కమిట్ చెయ్యడం అంటారు. మనం రాసిన ఆ వాక్యాలు మన పేరుతో, తేదీతో అక్కడ ఉండిపోతాయి. పదేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి ఈ మాట ఇక్కడికి ఎలా వచ్చిందని అడిగితే, ఆ వాక్యాలే జవాబు. ఆ చిట్టా అంతటినీ లాగ్ అంటారు. నిజం చెప్పాలంటే నాకు ప్రోగ్రాం చదవడంకన్నా ఆ లాగ్ చదవడమే ఇష్టంగా ఉండేది. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న కృతజ్ఞతలు అందులో ఉండేవి. 'ఈ తప్పు ఫలానా ఆయన చూసి చెప్పాడు', 'సగం పని నాది, సగం ఫలానా ఆమెది' అని. ఎవరతను, ఎలా చూశాడు, ఇద్దరూ ఎప్పుడైనా కలుసుకున్నారా అని కూర్చుని ఊహించుకునేదాన్ని. బస్సు హారన్ కొడితే తప్ప లేచేదాన్ని కాదు.

ఆ అమ్మాయి నాకు అరండల్‌పేటలో ఒక డీటీపీ షాపులో తగిలింది. కాలేజీ మ్యాగజైన్ కంపోజింగ్‌కి ఇవ్వడానికి వెళ్ళాను. నేను రాసిచ్చిన ముందుమాటలో ఆరు తప్పులకి పెన్సిల్‌తో సున్నాలు చుట్టి నా చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"ఏమ్మా, నాకే తెలుగు నేర్పుతున్నావా?" అన్నాను.

"లేదండి. అచ్చయ్యాక మీరు మమ్మల్నే తిడతారని ముందే చెబుతున్నా" అంది, తల కూడా ఎత్తకుండా.

ఇంటికెళ్ళి నిఘంటువు తిరగేశాను. ఆరూ తప్పులే. మర్నాడు మళ్ళీ వెళ్ళి, నా పదాల జాబితా మొదటి ముప్పై పేజీలు ప్రింటు తీసి ఆమె ముందు పడేశాను. చూస్తావా అంటే, చూస్తానండి అంది.

అద్దంకి దగ్గర ఒక పల్లె వాళ్ళది. అమ్మానాన్నా కూలికెళతారు. ఇంటర్ చదివి, టైపు హయ్యర్ పాసయి, గుంటూరులో లేడీస్ హాస్టల్లో ఉంటూ ఈ షాపులో పని. షాపు వాళ్ళ కీబోర్డు పద్ధతి వేరు, నాకు కావలసిన పద్ధతి వేరు. వారం రోజుల్లో కొత్తది నేర్చేసుకుంది. ముప్పై పేజీల్లో తప్పులు దిద్దడంతో ఊరుకోలేదు. షాపుకి వచ్చే ప్రతి కాగితంలోంచీ మాటలు ఏరడం మొదలుపెట్టింది. పెళ్ళికార్డులు, మిర్చి వ్యాపారుల కరపత్రాలు, పురుగుమందుల షాపుల బోర్డులు, వాళ్ళ చర్చి పాటల పుస్తకం, ఏదీ వదల్లేదు.

"ఎట్టా ఏరుతున్నావే ఇన్ని?" అని అడిగాను ఒకసారి.

"సెలవుల్లో పత్తికి పోయేదాన్నిగదండీ. వొంగుంటే కాయ కాయా కనపడిద్ది. ఇదీ అంతే" అంది.

వారానికొక ఫ్లాపీ ఇచ్చేది. పది రూపాయల ఫ్లాపీ, సగం సార్లు తెరుచుకునేది కాదు, మళ్ళీ షాపుకెళ్ళి ఇంకోటి రాయించుకునేదాన్ని. సీజన్లో మిర్చి యార్డు పక్కగా ఆటోలో పోతుంటే తుమ్ములు ఆగేవి కావు, ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో ఫ్లాపీ. సాయంత్రం ల్యాబులో ఆ మాటలన్నీ ఎక్కించి కమిట్ చేసేదాన్ని. లాగ్‌లో 'మేము ఇవి చేర్చాం' అని రాసేదాన్ని. మేము అని రాయడమే నాకు చాలా పెద్దమనసుగా తోచింది.

చలిదేశం పెద్దాయన వదల్లేదు. 'మేము అంటున్నారు, ఆ రెండోవాళ్ళెవరు? మా పద్ధతి ప్రకారం పని చేసినవాళ్ళ పేరు కమిట్‌లో రాయాలి' అని మెయిలు పెట్టాడు. గౌరవం కోసమా అని అడిగాను. 'గౌరవం కూడా. కానీ ముఖ్యంగా అడగడం కోసం. రేపు ఏదైనా మాట మీద అనుమానం వస్తే నేను ఎవర్ని అడగాలి?' అన్నాడు. ఈ మాట నాకు బాగా నచ్చింది. మా వైపు పేరంటే గౌరవమే. గుళ్ళో ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా దాత పేరు, ట్యూబులైటు ఇస్తే వెలుగు కనపడనంత పెద్ద అక్షరాల్లో పేరు. ఆ ఫ్యాను పాడైతే మాత్రం దాతని అడిగే దిక్కుండదు.

ఈ సంగతి స్టాఫ్‌రూములో చెప్పి పొరపాటు చేశాను. మా హెచ్చోడీ గారు చెవులు నిక్కపొడుచుకున్నారు.

"అక్కడ పేరు పెడితే ఎప్పటికీ ఉంటుందా మేడమ్?"

"ఉంటుంది సార్."

"అయితే ముందు మన కరెస్పాండెంట్ గారిది పెట్టండి. తర్వాత నాది. ఎంతైనా లైను మనదిగా."

"మీరు ఏ మాట ఏరారు సార్?" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని నెలరోజులు నాతో మాట్లాడలేదు. నాకు అది శిక్షగా అనిపించలేదు.

షాపుకి వెళ్ళి ఆ అమ్మాయితో చెప్పాను, నీ పేరు పెడుతున్నాను, ప్రపంచంలో ఎక్కడినుంచైనా కనపడుతుంది అని. ఎగిరి గంతేస్తుందనుకున్నా.

"వద్దండి" అంది.

"అదేం?"

"వద్దులెండి. మీ పేరే ఉంచండి."

నాకు అర్థం కాలేదు. ఒక్క మాట ఏరని మనిషి పేరు కోసం అలిగి కూర్చున్నాడు, వేల మాటలు ఏరిన పిల్ల వద్దంటోంది. ఎందుకొద్దంటోంది? అది తెలుసుకోకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు. షాపు ఓనరు కోప్పడతాడా అని అడిగాను. ఆయనకి తెలుసండి, ఏమనరు అంది. ఇంట్లోవాళ్ళు తిడతారా? లేదండి. పోనీ ఎవడైనా ఉన్నాడా, నీ పేరు నెట్లో చూస్తే ఒప్పుకోనివాడు? దానికి మాత్రం నవ్వింది. "మీరు సినిమాలు బాగా చూస్తారనుకుంటానండి" అంది. వెళ్ళిన ప్రతిసారీ జోరీగలాగా అదే అడిగాను. ప్రతిసారీ వద్దండి అన్న ఒక్క మాటే. చివరికి నాకు నేనే తేల్చేసుకున్నాను. బిడియం, ఇంకేముంది? ఎప్పుడూ ఎవరూ మెచ్చుకోని పిల్ల, మెచ్చుకుంటే భయపడుతోంది. నేనే చొరవ తీసుకోవాలి.

తీసుకున్నాను. తరవాతి ఫ్లాపీలో మాటలు ఎక్కించి, నేను అంతవరకు రాసినవాటిలోకెల్లా పొడుగైన కమిట్ వాక్యాలు రాశాను. ఈ మాటలే కాదు, ఇంతకుముందు చేర్చినవి కూడా ఫలానా అమ్మాయివి, ఫలానా ఊరు, తమ చర్చి పాటల పుస్తకాన్ని కంపోజ్ చేస్తూ చాలా మాటలు ఏరింది, ఆ చర్చిలో తనే పాటలు పాడుతుంది అని. ఇంటిపేరుతో సహా. రాసి, రెండుసార్లు చదువుకుని, నా మంచితనానికి నేనే మురిసిపోయి పంపేశాను.

రెండు రోజులాగి షాపుకి వెళ్ళాను. "నువ్వు వద్దన్నా పెట్టేశా! నెట్లో నీ పేరు కొడితే వస్తుంది" అన్నాను.

కీబోర్డు మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏ పేరు రాశారండీ?"

"ఏ పేరేంటి? నీ పేరే. ఎన్ని పేర్లుంటాయి నీకు?"

ఓనరు బయట టీ తాగుతున్నాడు. ఆమె లేచి అద్దం తలుపు దగ్గరకు లాగి వచ్చింది.

"రెండుంటాయండి. మీరు పిలిచేది మా అమ్మ పెట్టింది, పాస్టరు గారు ప్రార్థన చేసి పెట్టింది. బళ్ళో ఏసేటప్పుడు మాస్టారు ఇంకో పేరు రాశారు. ఈ పేరుంటే హాస్టలుకీ ఫీజుకీ ఇబ్బందుండదమ్మా అని. మా పేటలో అందరికీ అంతేనండి. రికార్డు పేరొకటి, పిలిచే పేరొకటి. రికార్డులో మేం హిందువులం. ఆదివారం చర్చికి పోతాం."

తరవాత అసలు సంగతి చెప్పింది. ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు పోస్టుకి పరీక్ష రాసింది. ఎస్సీ కోటాలో వచ్చింది. పన్నెండు రోజుల్లో ఒంగోల్లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఒక్క మార్కులో ఆ పోస్టు పోగొట్టుకున్న మనిషి ఒకరు ఇప్పటికే ఆఫీసుకి ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నారు. మతం మారినవాళ్ళకి ఆ కులం కాగితం చెల్లదు, కావాలంటే విచారించుకోండి అని. ఇప్పటిదాకా వాళ్ళ దగ్గర రుజువు లేదు.

నేను రాసిన వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చర్చి పేరు, ఇంటిపేరు, ఊరు, పాటలు పాడుతుందన్న సంగతి. ఆకాశరామన్నకి ఇంతకంటే ఎవరు సాయం చెయ్యగలరు?

"మరి అన్నిసార్లు అడిగానే, అప్పుడే చెప్పొచ్చుగా!" అని ఆమె మీదే అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది.

"ఎట్టా చెప్పనండీ? మీరు మంచోళ్ళే. కానీ చెబితే మీకు తెలిసినట్టేగా."

కాలేజీకి తిరిగి వెళుతూ బస్సులో నాకు ఇంకోటి తట్టింది. ల్యాబులో హాజరు పిలిచినప్పుడు కొంతమంది పిల్లలు ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతారు. పరధ్యానం అని తిట్టేదాన్ని. అది వాళ్ళని ఇంట్లో ఎవరూ పిలవని పేరేమోనని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు అనిపించలేదు. చిన్నప్పట్నించీ మా చేలో కాయ కోసినవాళ్ళంతా అలాంటి పేటవాళ్ళే. వాళ్ళ పేర్లన్నీ నాకు తెలుసనే అనుకునేదాన్ని.

ఆ సాయంత్రమే పెద్దాయనకి మెయిలు పెట్టాను, ఆ పేరు వెంటనే తీసెయ్యమని. మర్నాడు జవాబొచ్చింది. 'పాత కమిట్ వాక్యాలు మార్చం. రాసింది రాసినట్టే ఉండాలి, అది మా నియమం.' నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఊరు, పేట, కాగితం, ఆకాశరామన్న, నా బుద్ధితక్కువతనం అన్నీ వివరంగా రాసి, మీ నియమం వల్ల ఒక మనిషి ఉద్యోగం పోతుంది, సరేనా అని ముగించాను. మూడో రోజు ఆయన రాసింది నాకు దాదాపు కంఠతా వచ్చు. 'మార్చడం నాకు ఒక నిమిషం పని. నియమం పక్కన పెడతాను. కానీ ఆ వాక్యాలు ఇప్పుడు మీవి కావు, ఆమెవి. మీరు ఆమెని అడగకుండా రాశారు. ఇప్పుడు అడిగే తీసెయ్యమంటున్నారా? ఆమెనే నాకు రాయమనండి.'

చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. ఎందుకంటే నేను అడగలేదు. తీసెయ్యాలని కూడా నేనే నిర్ణయించేశాను.

నేను రమ్మని కబురు చేస్తే, మర్నాడు మధ్యాహ్నం ఆమె షాపులో పూట సెలవు పెట్టి పెదకాకాని బస్సెక్కి మా కాలేజీకి వచ్చింది. ల్యాబులో మూల సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, పెద్దాయన ఉత్తరం చదివి వినిపించాను. "ఏం చేద్దామంటావ్? నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అన్ని నెలలు పట్టింది.

"ముందు చూడనివ్వండి" అంది.

నిజమే, ఆమె ఇంతవరకు అది చూడనే లేదు. లాగ్ తెరిచాను. తెల్లటి తెర మీద నల్లటి సన్నటి అక్షరాల్లో ఆమె పేరు. వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా జరుపుతూ చదివింది. ప్రూఫు చూసేటప్పుడు అలాగే చదువుతుంది.

"చర్చి రిజిస్టరులో తప్ప ఈ పేరు ఎక్కడా రాసుండటం చూళ్ళేదండి" అంది. "బాగుంది."

కాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. నేను ఆపుకోలేక, రికార్డు పేరు పెట్టించనా, అది పెడితే ప్రమాదం ఉండదుగా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఆ పేరు ఈ మాటలు ఏరలేదండి. అది కాగితాలకి సంతకాలు పెట్టడానికే" అంది. తరవాత కీబోర్డు ముందుకు లాక్కుని, పెద్దాయనకి ఇంగ్లీషులో రెండు వాక్యాలు టైపు చేసింది. దయచేసి నా పేరు, ఊరు, చర్చి సంగతి తీసెయ్యండి, ఇది నేను అడుగుతున్నాను అని. ఒక్క తప్పు లేదు.

"మరి ఆ మాటలు ఎవరివని ఉండాలి?" అని అడిగాను.

"మీవనే ఉండనియ్యండి. మీరైతే ఎవరూ కాగితం చూపించమనరు."

ఆమె మనసులో నా మీద కోపం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. అందుకే అది నాకు అంతగా తగిలింది. పెద్దాయన పేరు అడగడం కోసమే అన్నప్పుడు నేను ఎంత మెచ్చుకున్నానో! అడిగేవాళ్ళంతా ఆయనలాంటివాళ్ళే అనుకున్నాను.

మర్నాటికి లాగ్ మారింది. కానీ కమిట్ చేసినప్పుడల్లా కొద్దిమందికి మెయిలు నకలు పోయేది, అది ఎవరి డబ్బాలో ఉందో, ఎక్కడ తేలుతుందో అని ఆ వారమంతా నేను సరిగ్గా అన్నం తినలేదు. వెరిఫికేషన్ రోజు కాలేజీ వదిలి కదల్లేదు. మూడింటికి ఒంగోలు ఎస్టీడీ బూత్ నుంచి కాలేజీ ఆఫీసుకి ఫోను చేసింది.

"ఉత్తరం వచ్చిందంటండి. ఆఫీసరుగారు చదివి వినిపించారు. రుజువేదీ అని పక్కన పెట్టేశారు. అయిపోయిందండి."

ఫోను పెట్టేసి, ముఖం మాడ్చుకునే ఉన్న మా హెచ్చోడీ గారికి కూడా టీ చెప్పాను.

ఆమె ఉద్యోగంలో చేరింది. ఆ పైన ఒక్క ఫ్లాపీ కూడా రాలేదు. ఆ మాటలు మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నా పేరు మీద. ఈ రోజు తెలుగులో ఎవరైనా 'కల్లం' అని రాస్తే ఎర్రగీత రాకపోవడానికి నేనే కారణమని లాగ్ చెబుతుంది. కొన్నేళ్ళకి నెట్లో తెలుగువాళ్ళ గుంపు ఒకటి తయారైంది. అందులో ఒకాయన, మిరప మాటలూ పత్తి మాటలూ అన్నీ ఒంటిచేత్తో చేర్చిన మహాతల్లి అని నన్ను పొగుడుతూ పేజీన్నర రాశాడు. అవి నావి కావండీ అని జవాబిచ్చాను. ఎంత వినయమో చూడండి అని ఇంకో అర పేజీ రాశాడు.

ఇక ఆగలేక ఆమెకి ఫోను చేశాను. అప్పటికి పెళ్ళయింది, ఉద్యోగం పర్మనెంటయి కూడా చాలాకాలమైంది.

"ఇప్పుడైనా చెప్పేయనా? నా ప్రాణానికి సుఖంగా ఉంటుంది. ఇప్పుడు నిన్నెవరు ఏం చేస్తారు?"

"వద్దండి" అంది, షాపులో అన్నట్టే.

"ఇంకా ఏంటి నీ భయం?"

"పాపని మొన్ననే బళ్ళో ఏశామండి."

"ఓసి పిచ్చిపిల్లా, ఆ సంగతి నాకు చెప్పనే లేదు! ఏం పేరు?"

అటువైపు తలుపు దగ్గరకు లాగిన చప్పుడైంది. తరవాత మెల్లగా అడిగింది.

"బళ్ళోనా అండీ, ఇంట్లోనా?"